సమస్యాపూరణం: తుప్పు పట్టినపుడె గొప్ప బలము

అడ్మిన్: పనిముట్లు పెట్టుకోడానికి టేకుతో ఓ పెట్టె చేస్తున్నాను. మా ఇల్లు ఆర్కే బీచ్‌కి రెండు వీధుల దూరం. ఏ మేకు కొట్టినా ఉప్పుగాలికి ఎర్రబడుతోంది. పాతది పీకుదామంటే కటింగ్ ప్లేయర్ జారిపోయింది గాని మేకు కదల్లేదు. అప్పుడు తట్టిన పాదం ఇది. దీన్నే చివరి పాదంగా పెట్టి, ఈ అసంబద్ధానికి అర్థం కుదిరేలా పద్యం కానివ్వండి.

మర్రిపాలెం మాస్టారు:
టేకు పెట్టె లోన మేకు గట్టిగ నుండు
కడలి గాలి తగిలి గరుకు దేలి
ఊడదీయ బోవ నూడి రాదది చూడు
తుప్పు పట్టినపుడె గొప్ప బలము

గాజువాక ఘంటం: టేకు-మేకు అని రెండో అక్షరం కలిపిన ప్రాసయతి బాగా కుదిరింది మాస్టారూ. కానీ సమస్యను విప్పలేదు, ఒప్పేసుకున్నారు. గరుకు పట్టు మొదట్లోనే. తుప్పు ఆగదు కదా, పోను పోను చుట్టూ ఉన్న చెక్కనీ తినేస్తుంది. నాది చూడండి.

ఇనుప మేకు చెడుట యెపుడయ్య చెప్పుమా?
ఇత్తడివగు స్క్రూల నేమి కలుగు?
అడిగినట్టి వాటి కదియె జవాబయ్య
తుప్పు పట్టినపుడె; గొప్ప బలము

మర్రిపాలెం మాస్టారు: రెండు ప్రశ్నలకీ వరసగా జవాబులిచ్చిన క్రమాలంకారం భేష్. పాదాన్ని సరిగ్గా అతుకు దగ్గర కోశారు. మరి ‘డివగు’ సంగతేటి? పక్కన ‘స్క్రూ’ అనే సంయుక్తాక్షరం బిగించేసరికి ‘గు’ లఘువు కాస్తా గురువైపోయి గణం చెడలేదూ?

గాజువాక ఘంటం: వేరు వేరు పదాలండీ, సమాసం కాదు. లఘువే.

మర్రిపాలెం మాస్టారు: సరే, గణం వదిలేద్దాం. ఇత్తడికి బలమెక్కడిది? బెజ్జం వేయకుండా టేకులో బిగిస్తే తల తెగి చేతికొస్తుంది. ముందు అదే సైజు ఉక్కు స్క్రూ తిప్పి దారి చేసి, దాన్ని తీసేసి, అప్పుడు ఇత్తడిదానికి కాస్త మైనం రాసి ఎక్కించాలి. ఇత్తడి గొప్ప తుప్పు పట్టకపోవడంలో ఉంది. కొట్టిన వాడికి తెలుస్తుంది.

గాజువాక ఘంటం: కొట్టిన వారంటే గుర్తొచ్చింది. పోయిన నెల పడవ పూరణలో మసూలా పడవకి మేకులు దిగ్గొట్టింది ఎవరో? దాని పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుడతారు. ఒక్క మేకుండదు.

మర్రిపాలెం మాస్టారు: అది ఉత్ప్రేక్ష.

సీతమ్మధార కోడలు: మీ ఇద్దరి మధ్యా నాదొకటి.

పాత మేకులమ్మి పైడి రాబట్టగా
కొట్టు వాడు నాకు గొలిపె నాస
“కొత్త మేకు జారు గుర్తుంచుకో బాబు
తుప్పు పట్టినపుడె గొప్ప బలము”

అడ్మిన్: అమ్మా, ఈ వారం దండ మీకే! అసంబద్ధాన్ని అమ్మేవాడి నోట పెట్టేశారు, ఇక సాక్ష్యం అడిగేదెవరు? నాకూ ఇలాగే చెప్పి అరకిలో అంటగట్టాడొకడు. ఘంటం గారూ, మీ రెండో పాదంలో స్క్రూని తెలుగు చేసి ‘ఇత్తడి మర చీల నేమి కలుగు’ అనుకుంటే పేచీ ఉండదుగా?

గాజువాక ఘంటం: మర చీల అని ఒకసారి హార్డ్‌వేర్ కొట్లో అడిగి చూడండి. నేను అడిగితే కుర్రాడు తలుపు గడియ తెచ్చాడు.