‘నితఃపరం’ అంటే ‘ఇతరం’ అనేనా?

నర్సంపేట నుంచి: మస్కట్ వీసా వచ్చింది, మెడికల్ అయింది, టికెట్ కూడా తీసుకున్నాను. అంతలో నాన్నకు పక్షవాతం వచ్చింది. ప్రయాణం మానుకున్నాను, ఇప్పుడు ఆయన వేసిన మిర్చి తోట నేనే చూస్తున్నాను. నాన్నకు కుడి చేయి లేవదు, మాట ముద్దగా వస్తుంది. పొద్దున లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టగానే మాత్రం గజేంద్రమోక్షంలో ఒక పాదం అందుకుంటారు. ‘నీవే తప్ప నితరం బెరుగ’ అన్నట్టు నాకు వినిపిస్తుంది. బడిలో చదివింది ఇలా లేదనిపిస్తోంది. సరైన పాఠం ఏది? ఆయనతో కలిసి చదవాలని ఉంది.

జనగామ సార్: ‘నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్’. ఇందులో అనుమానానికి తావు లేదు బాబూ. పద్యం శార్దూలం. రెండో గణం ‘ప్ప నితః’ స గణం. ‘నితరం’ అంటే అక్కడ మూడూ లఘువులే మిగులుతాయి, పైగా పాదంలో ఒక అక్షరం తగ్గుతుంది. విసర్గను మింగేసి ‘నిత పరం’ అని పాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అదీ తప్పే, ‘తః’ గురువు కావాలి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

హనుమకొండ అక్క: గణాల సంగతి తేలింది కానీ అర్థం సంగతి తేలలేదు సార్. దీనికి ‘నీవు తప్ప వేరెవరూ తెలియదు’ అని అందరూ చెప్పుకుంటూ పోతారు. ఇతఃపరం అంటే ఇకమీదట. ‘నువ్వు ఉన్నావన్నది తప్ప ఇకముందు ఏమిటో నాకు తెలియదు’ అంటోంది ఏనుగు. తమ్ముడు అడిగిన సందర్భానికి ఈ అర్థమే కావాలి. వేసుకున్న లెక్క చెరిగిపోయిన మనిషికి వేరే దేవుళ్లు ఉన్నారా లేరా అన్నది ప్రశ్న కాదు. రేపు ఏమిటన్నదే ప్రశ్న.

కరీంనగర్ నుంచి: అక్కా, మనకు కావలసిన అర్థాన్ని పద్యం మీద రుద్దకూడదు. ‘తప్ప’ అన్నాక ‘వేరొకటి’ రావాలి, అది తెలుగు వాక్యం నడక. ఇతః పరం అంటే దీనికి అవతలిది, దీనికన్నా వేరైనది. మీరన్నట్టు ‘ఇకమీదట’ అని తీసుకుంటే ‘ఎరుగ’కు కర్మ ఎక్కడిది?

హనుమకొండ అక్క: కర్మ ‘నీవే’లోనే ఉంది. ఇంకో ఆధారం చూపిస్తాను. ఇదే ఏనుగు ముందు ఏమని అడిగింది? ‘ఏ రూపంబున దీని గెల్తు నిటమీదే వేల్పు జింతింతు’. ఇటమీద! ఆ ప్రశ్నకు జవాబే ఈ పాదం. అక్కడ తెలుగులో ‘ఇటమీద’ అన్నాడు, ఇక్కడ సంస్కృతంలో ‘ఇతఃపరం’ అన్నాడు. ఈ రెండింటినీ పోతన ఊరికే వేశాడంటే నేను నమ్మను.

కరీంనగర్ నుంచి: ఆ పాదంలోనే ‘ఏ వేల్పు’ అని కూడా ఉంది. నా అర్థానికీ అదే సాక్ష్యం.

జగిత్యాల నుంచి: మీరిద్దరూ ‘ఇతః’ దగ్గరే ఆగిపోయారు. నాకు ‘మన్నింపందగున్’ ముఖ్యం. పాదం మొదటి ‘నీ’కీ ఈ ‘న్నిం’కీ యతి, కాబట్టి మాటను కదిలించే వీలు లేదు. దీన్ని క్షమించమని అర్థం చెబుతారు. ఏనుగు చేసిన నేరమేమిటి? దాహమై మడుగులో దిగింది, అంతే. మన్నించడమంటే ఇక్కడ ఆదరించడం. మా వైపు ప్రతి ఇంట్లో గల్ఫ్ కథ ఒకటి ఉంటుంది, వెళ్లలేకపోయిన పిల్లవాడు తానేదో తప్పు చేసినట్టు తల వంచుకుంటాడు. నర్సంపేట తమ్ముడూ, నువ్వు క్షమాపణ అడగాల్సింది ఏమీ లేదు.

జనగామ సార్: ‘ఈ నీరాశ నిటేల వచ్చితి’ అని అదే ఏనుగు తన్ను తాను తిట్టుకుంది కదా! నీరు మీద ఆశ, అందులోనే నిరాశ చప్పుడు. ఆ ఒక్క సమాసం కోసం పోతనకు పాదాభివందనం చేయవచ్చు. మా బమ్మెర పాలకుర్తి పక్కనే, ఆ దారిలో వెళ్లినప్పుడల్లా నాకు ఇంకొకటి తోస్తుంది. చంద్రగ్రహణం నాడు పోతన గంగలో మునిగి ఇసుక తిన్నె మీద కూర్చుని చేసింది ‘మహేశ్వరధ్యానం’. అరమోడ్పు కన్నుల ముందు నిలిచింది రామభద్రుడు. వీరభద్ర విజయం రాసిన చేతికి భాగవతం వచ్చింది. ఇక్కడ ఏనుగు ‘రావే యీశ్వర’ అంటుంది, వచ్చేది విష్ణువు. పిలిచిన పేరు ఒకటి, వచ్చిన రూపం ఒకటి. ఆయన స్వానుభవమే ఆ ‘ఈశ్వర’లో ఉందని నా నమ్మకం.

కరీంనగర్ నుంచి: ఈశ్వరుడంటే ప్రభువు, ఎవరికైనా చెల్లుతుంది సార్. ఆ గంగ అసలు గోదావరేనని మా దగ్గర ఒక వాదం ఉంది.

కడప నుంచి: పోతనది మా ఒంటిమిట్ట అన్న సంగతి ఎవరూ ఎత్తలేదే?

నిర్వాహకులు: ఆ చర్చకు ఇక్కడ చోటు లేదు. దయచేసి పాదం మీదే మాట్లాడండి.

నర్సంపేట నుంచి: పాఠం దిద్దుకున్నాను, ధన్యవాదాలు సార్. ఇంకొక్కటి అడగాలి. దేవుడు ఏదో మేలుకే ఆపాడని ఊళ్లో అందరూ అంటున్నారు. తోటలో పని చేస్తున్నంతసేపూ నాకూ అలాగే ఉంటుంది, రాత్రి ఏజెంటు ఫోను వస్తే ఆ ధైర్యం నిలవదు. ‘నీవే తప్ప’ అన్న మనసులో ఇంకా అనుమానం ఉండవచ్చా?

హనుమకొండ అక్క: ఉండవచ్చు తమ్ముడూ. తర్వాతి పద్యం చూడు: ‘వినుదట జీవుల మాటలు, చనుదట చనరాని చోట్ల, శరణార్థుల కో యనుదట పిలిచిన, సర్వము గనుదట, సందేహ మయ్యె గరుణావార్ధీ’. శరణు అన్నాకే ‘సందేహమయ్యె’ అంది. అనుమానం తీరేదాకా విష్ణువు వైకుంఠంలో కూర్చోలేదు, సిరికి కూడా చెప్పకుండా లేచి వచ్చాడు. తన సంగతి ఇక ఏమవుతుందో ఏనుగుకు తెలియదు కాబట్టే ఆ సందేహం. అందుకే ఇతఃపరం అంటే ఇకమీదటే.

కరీంనగర్ నుంచి: వినుదట పద్యం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం అక్కా, తమ్ముడు అది కూడా నాన్నగారితో చదవాలి. ‘ఇతఃపరం’ మాత్రం ఒప్పుకోను. ‘తప్ప’కు జతగా ‘ఇకమీదట’ వచ్చిన ఇంకొక ప్రయోగం పోతనలోనే చూపించండి.

జనగామ సార్: సప్తమ, అష్టమ స్కంధాలు నేను వెతుకుతాను. దశమం ఎవరైనా తీసుకోండి.