ఒకే క్లాస్, రెండు ఎక్స్ఎంఎల్‌లు: ల్యాబ్‌కు ఫోన్ నంబరు వెళ్లకుండా ఎలా?

నమస్కారమండీ. మాదాపూర్‌లో సీ షార్ప్ డెవలపర్‌ని. పేషెంట్ అనే క్లాస్‌లోని వివరాలను ఎక్స్ఎంఎల్‌సీరియలైజర్‌తో (ఆబ్జెక్ట్‌ను ఎక్స్ఎంఎల్ టెక్స్ట్‌గా మార్చే డాట్‌నెట్ క్లాస్) రెండు చోట్లకు పంపాలి. బిల్లింగ్‌కు అన్ని ఫీల్డ్‌లూ కావాలి. ల్యాబ్‌కు మాత్రం ఫోన్ నంబరు, అడ్రసు అస్సలు వెళ్లకూడదు. అవి మనుషుల సొంత వివరాలు, పొరపాటున కూడా బయటపడకూడదు.

ఫోన్ ఫీల్డ్ మీద ఎక్స్ఎంఎల్‌ఇగ్నోర్ (ఈ ఫీల్డ్‌ను రాయొద్దని చెప్పే గుర్తు) పెడితే రెండింట్లోనూ అది పోతోంది. షుడ్‌సీరియలైజ్‌ఫోన్ అనే బూలియన్ మెథడ్ (ఫోన్ రాయాలా వద్దా అని అవును/కాదు చెప్పేది) రాస్తే పని జరిగింది గానీ, ఎవరికి పంపుతున్నామో పేషెంట్ ఆబ్జెక్ట్‌కే తెలియాల్సి వస్తోంది. అది నాకు నచ్చలేదు. ఎక్స్ఎంఎల్‌అట్రిబ్యూట్‌ఓవర్‌రైడ్స్ (అలాంటి గుర్తులను క్లాస్ బయటి నుంచే ఇచ్చేది) వాడితే క్లాస్ జోలికి పోనక్కర్లేదు. కానీ దాంతో ప్రతిసారీ కొత్త సీరియలైజర్ చేస్తే, కొత్త అసెంబ్లీ (కంపైల్ అయిన కోడ్) పుట్టి మెమరీలోనే ఉండిపోతుంది కదా. బిల్లింగ్‌కూ ల్యాబ్‌కూ చెరొక సీరియలైజర్‌ను స్టాటిక్‌గా (ఒక్కసారే చేసి మళ్లీ మళ్లీ వాడేలా) పెట్టుకుంటే సరిపోతుందా? లేక ల్యాబ్‌కు వేరే చిన్న క్లాస్ రాయడమే మేలా? ఇలాంటిది చేసినవాళ్లు దయచేసి చెప్పండి.