సినిమా సాయంత్రానికి ఏది వేద్దాం? శుక్రవారంలోగా చెప్పండి

నకిరేకల్ అన్న:
అందరికీ నమస్తే. హాల్ సాయంత్రం 4 నుంచి 9 దాకే మనది, కుర్చీలు సర్దుడు, తిండి, ఊడ్చుడు పోను సినిమాకూ ముచ్చటకూ కలిపి మూడు గంటలు మిగిలితే గొప్ప. మ్యాట్రిక్స్ 136 నిమిషాలు, ట్రూమన్ షో 103, డార్క్ సిటీ సుమారు 100. నాకైతే డార్క్ సిటీ మీద మనసు. అదీ మ్యాట్రిక్సూ రెండూ మన సిడ్నీలోనే తీశారు, దాని సెట్లు కొన్ని మ్యాట్రిక్స్ వాళ్లు మళ్లీ వాడుకున్నారు కూడా.

అచ్చంపేట అక్క:
అన్నా, పెద్దవాళ్లతో అది కష్టం. అర్ధరాత్రి ఊరంతా నిద్రపోవడం, ఒకరి జ్ఞాపకాలు ఇంకొకరికి సూదితో ఎక్కించడం, సినిమా అంతా చీకటి, మా అత్తమ్మ పది నిమిషాలకే లేచి వంటగదిలోకి పోతుంది. పైగా మొదట్లోనే ఒక గొంతు వచ్చి గుట్టు విప్పేస్తుంది (2008 డైరెక్టర్స్ కట్‌లో తీసేశారు, వేస్తే అదే వేయండి).

నా ఓటు ట్రూమన్‌కు. మ్యాట్రిక్స్‌లో యంత్రాలు మనుషులకు గొట్టాలు తగిలించి పడుకోబెట్టి కలలాంటి అబద్ధపు లోకం చూపిస్తాయి, ఎవరో వచ్చి లేపాలి. ట్రూమన్ బతుకంతా వాడికి తెలియకుండా నడిపే టీవీ షో, చుట్టూ ఉన్నవాళ్లంతా నటులే, కానీ వాడు మేలుకునే ఉన్నాడు, రోజూ ఆఫీసుకు పోతున్నాడు. చిన్నప్పుడు నాన్న మునిగిపోయినట్టు నాటకమాడి నీళ్ల భయం పెట్టారు, ఫిజీ పోతానంటే భార్య ఇంటి అప్పు, కారు అప్పు గుర్తుచేస్తుంది, అంతే, ఆగిపోతాడు. పాలమూరు కూలీలకు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్స్ కూడా ఇట్లాంటిదే కదా? మా తాత అట్లనే ప్రాజెక్టు పనులకు తిరిగాడు. గేటుకు తాళం లేదు, అడ్వాన్స్ తీరనిదే ఊరికి రావడమూ లేదు.

మిర్యాలగూడ తమ్ముడు:
అక్కా, ట్రూమన్‌కే ఓకే, కానీ ముచ్చట్లో మ్యాట్రిక్స్‌లో ఆ అబద్ధపు లోకంలోంచి బయటపడ్డ సైఫర్‌ను వదలొద్దు. వాడికి అంతా అబద్ధమని తెలుసు, తెలిసీ ఆ మాంసం ముక్క నములుతూ మళ్లీ లోపలికి పంపమంటాడు. రెండేళ్లని వచ్చి పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్న మనవాళ్లు వాణ్ణి తిడతారా, వెనకేసుకొస్తారా చూడాలి. నేనైతే తిట్టలేను.

ట్రూమన్ డిస్క్ నా దగ్గరుంది, కాకపోతే ఇంట్లో చూడటానికి కొన్నది హాల్లో వేయకూడదు, ప్రదర్శన అనుమతి విడిగా తీసుకోవాలి. ఆ పని నేను చూస్తా. పెద్దలకు కథ ముందే తెలుగులో నువ్వు చెప్పక్కా.

అచ్చంపేట అక్క:
చెప్తా, చివర మాత్రం చెప్పను. సర్వపిండి ఇంట్లోనే కాల్చి తెస్తాం, హాల్లో ఎవరూ స్టవ్ ముట్టించొద్దు, పోయినసారి గారెలకే అలారం మోగింది. ప్రొజెక్టర్ ఎవరిది?