సైకిల్ దారి కోసం మేయరును ఏమని అడగాలి?

మాది నెల్లూరు. రోజూ ట్రంకు రోడ్డు మీదుగా సైకిల్ మీద పనికి వెళ్తాను. అంచున నిలిపిన కార్లు, వాటి పక్కన ఆటోలు, ఆ పక్కన తోపుడు బండ్లు. నాకు మిగిలేది బస్సు చక్రానికి జానెడు దూరం. పోయిన వారం ఒక కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. మోచేయి చెక్కుకుపోయింది, డబ్బాలోని పులిహోర రోడ్డు పాలైంది. నిజం చెప్పాలంటే పులిహోర పోయినందుకే ఎక్కువ బాధపడ్డాను.

ఫిర్యాదు చేద్దామని ఒక కార్యాలయానికి వెళ్తే ఇంకో కార్యాలయం పేరు చెప్పారు. అక్కడికి వెళ్తే మళ్లీ మొదటి చోటికే పొమ్మన్నారు. మన రాష్ట్రంలో ట్రాఫిక్ పోలీసులు మేయరు కింద ఉండరు, పోలీసు శాఖ కిందే ఉంటారు. బస్సులేమో ఆర్టీసీవి. మరి మేయరును నిలదీయగలిగింది దేని గురించి? కాలిబాటలు, పార్కింగు స్థలాలు, ఆక్రమణల తొలగింపు నగరపాలక సంస్థ పనులే కదా?

2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ ప్రశ్న వదులుగా ఉంటే జవాబూ అలాగే వస్తుందని నా భయం. కౌన్సిల్ తీర్మానాల నకళ్లు అడగాలా, ఖర్చు లెక్కలు అడగాలా? లేక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడమే మేలా? కార్పొరేటరు చేత కౌన్సిల్లో ప్రశ్న వేయించినవారు ఎవరైనా ఉంటే, ఏమని రాసిచ్చారో దయచేసి చెప్పండి.