రెన్యువల్‌కు తీసుకెళ్లిన తుపాకీని డిక్కీలో పెట్టుకుని పెండ్లికి పోవచ్చా?

హాలియా కుర్రాడు:
మా నాయిన ఆర్మీలో చేసి వచ్చాక చాలా ఏండ్లు బ్యాంకు గార్డుగా చేశాడు. అప్పుడు కొన్న పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ ఇంకా ఇంట్లోనే ఉంది. లైసెన్స్ ఆయన పేరు మీదే, తెలంగాణ వరకే చెల్లుతుంది. ఇప్పుడాయనకు డెబ్బై దాటింది, మోకాళ్ల నొప్పులతో కారు ఎక్కలేడు. రెన్యువల్ కోసం తుపాకీ తెచ్చి నంబర్ చూపించమని నల్గొండలో చెప్పారు. శుక్రవారం నేనే తీసుకెళ్లాలి.

అదే రాత్రి శ్రీశైలం డ్యామ్ అవతల సున్నిపెంటలో మేనమామ కొడుకు పెండ్లి. నల్గొండలో పని అయ్యేసరికి ఎంత టైం అవుతుందో. మళ్లీ హాలియా వచ్చి తుపాకీ ఇంట్లో పెట్టి, దేవరకొండ, డిండి మీదుగా పోతే మన్ననూర్ అడవి గేటు అందదు, రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. అందుకే డిక్కీలో పెట్టి తాళం వేసి అటు నుంచి అటే పోదామని ఆలోచన. సొంత కారు, లైసెన్స్ ఉన్న తుపాకీ, తూటాలు కూడా తీసుకుపోను. మా బావ 'ఏం కాదు' అంటున్నాడు. మా బావకు దేనికీ ఏం కాదు. అందుకే ఇక్కడ అడుగుతున్న.

మిర్యాలగూడ మిల్లు:
ఏం టెన్షన్ లేదు బ్రో. మాకు తెలిసిన ఒకాయన సీటు కింద పెట్టుకునే తిరుగుతాడు, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పాలమూరు పాత గార్డు:
ఎవరూ అడగకపోవడం వేరు, అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉండడం వేరు. నేను మహబూబ్‌నగర్‌లో క్యాష్ వ్యాన్ మీద గార్డుగా చేసి దిగినోణ్ణి. నా డబుల్ బ్యారెల్ కూడా ఇప్పుడు బీరువాలో పడుంది.

తమ్ముడూ, నల్గొండ దాకా నువ్వు తీసుకెళ్లొచ్చు. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్‌లోనే ఆ వెసులుబాటు ఉంది. లైసెన్స్ ఉన్న మనిషి పక్కన ఉన్నా, ఆయన రాసిచ్చిన కాగితం చేతిలో ఉన్నా, రిపేరుకో రెన్యువల్‌కో తుపాకీని వేరేవాళ్లు మోసుకెళ్లొచ్చు. నోటిమాట చాలదు. తెల్లకాగితం మీద నీ పేరు, తుపాకీ నంబర్, లైసెన్స్ నంబర్, ఏ ఆఫీసుకు, ఏ తారీఖున అని రాయించి నాయినతో సంతకం పెట్టించు. జిరాక్స్ కాదు, అసలు లైసెన్సే వెంట ఉంచుకో. దారిలో పోలీసులు అడిగితే చూపించాలి, లేకపోతే 19వ సెక్షన్ కింద తుపాకీ అక్కడే పట్టుకోవచ్చు.

బయలుదేరే ముందు పైన ఉన్న లివర్ పక్కకు నెట్టి గొట్టాలు వంచు. వెలుతురు వైపు పెట్టి చూస్తే రెండింట్లోంచీ అవతలి వైపు కనపడాలి. ముందున్న చెక్క ఊడదీస్తే గొట్టాలు విడిగా చేతికొస్తాయి. అట్లా విప్పి సంచిలో పెట్టి జిప్ వెయ్యి. అన్నట్టు, చాలా రోజులుగా మూలన పడి ఉంటే నంబర్ మీద నూనె, దుమ్ము కలిసి గట్టిగా పేరుకుంటాయి. కిరోసిన్ గుడ్డతో ముందే తుడువు. ఆఫీసులో నంబర్ చదవడానికి రాకపోతే ఇంకో శుక్రవారం పోతుంది.

ఇక పెండ్లి. పెండ్లి రిపేరూ కాదు, రెన్యువలూ కాదు. నల్గొండ నుంచి ఇంటి దారి వదిలి సున్నిపెంట దారి పట్టిన క్షణం నుంచి మీ నాయిన కాగితం నిన్ను కాపాడదు. లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకున్నోడివి అవుతావు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత దానికి రెండేండ్ల నుంచి ఐదేండ్ల దాకా జైలు, పైన జరిమానా. శ్రీశైలం డ్యామ్ దాటితే ఆంధ్ర, మీ నాయిన లైసెన్స్ తెలంగాణది. అక్కడ ఆయన పక్కన కూర్చున్నా లాభం లేదు. మధ్యలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉంది. 1972 వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప అభయారణ్యంలోకి ఆయుధం తీసుకుపోకూడదు. మన్ననూర్‌లో డిక్కీ తెరిపించారనుకో, తూటాలు లేవు సార్ అంటే నమ్మి పంపరు. వేటకు పోతున్నావనే చూస్తారు.

పెండ్లిలో మీ బావ 'ఒక్కటి పేల్చి చూద్దాం' అనడని గ్యారంటీ ఉందా? తూటా దొరకడం ఆయనకు కష్టం కాదనిపిస్తుంది. సంబరానికి కాల్చి ఎవరి ప్రాణం మీదికైనా తెస్తే రెండేండ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అదీ 2019లో వచ్చిందే.

సొంత కారు అన్నావు. లైసెన్స్ ఉన్నది మనిషికి, కారుకు కాదు. 2016 ఆయుధాల నిబంధనల్లో బయట తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి అని ఉంది. ఫంక్షన్ హాలు బయట కారు పెట్టి నువ్వు లోపల బంతిలో కూర్చుంటే అది ఎవరి అదుపులో ఉన్నట్టు? డిక్కీ తాళం స్టెప్నీకి కాపలా, అంతే. పోయిందంటే వెంటనే దగ్గరి స్టేషన్‌లో చెప్పాల్సింది మీ నాయిన. ఆ మోకాళ్లతో స్టేషన్ చుట్టూ తిరగాల్సిందీ ఆయనే.

తుపాకీ ఇంట్లో పెట్టి రాత్రికి పడుకో. పొద్దున ఆరింటికి గేటు తెరుస్తారు. తలంబ్రాలు పోయినా భోజనాలకు అందుతావు.

డాలస్ పాలమూరోడు:
టెక్సాస్‌లో 2007 నుంచే సొంత కారులో పిస్టల్ బయటికి కనపడకుండా పెట్టుకోనిస్తారు. 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏండ్లు నిండినవాళ్లలో చాలామందికి లైసెన్స్ లేకున్నా నడుస్తుంది. ఇవి చూసి మనవాళ్లు ఇండియాలో కూడా అంతే అనుకుంటారు. ఇక్కడ అమెరికాలో కూడా ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కు పోయేటప్పుడు కాపాడే 1986 ఫెడరల్ చట్టానికి లెక్కలున్నాయి. తుపాకీలో తూటా ఉండొద్దు, తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్న చోటి నుంచి చేతికి అందొద్దు. డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లవ్ బాక్స్‌కు తాళం వేసినా అది లెక్కలోకి రాదు. పైగా బయలుదేరిన చోటా, చేరే చోటా నీకు తుపాకీ పెట్టుకునే హక్కు ఉండాలి. మన తమ్ముడికి ఆ రెండో చోట హక్కే లేదు కదా.

హాలియా కుర్రాడు:
అన్నా, థాంక్స్. నాయినకు చదివి వినిపించిన. 'నేను చెప్తే వినలేదు' అన్నాడు. ఆయన చెప్పనే లేదు. కాగితం రాయిస్తున్న, పెండ్లికి శనివారం పొద్దున పోతా. ఇంకొకటి. ఆయన ఇక దాన్ని చూసుకోలేడు, నా పేరు మీదికి మారుతుందా? మా చేనులో పందులు పడి మక్క మొత్తం తొక్కేస్తున్నాయి, పనికొస్తుందని అమ్మ అంటున్నది.

పాలమూరు పాత గార్డు:
మారుతుంది. మనిషి చనిపోయాకే అనుకుంటారు చాలామంది, కాదు. 2016 నిబంధనల్లో 25వది చూడు. లైసెన్స్‌దారుకు డెబ్బై నిండినా, తుపాకీ 25 ఏండ్లు ఆయన దగ్గరే ఉన్నా, ఏది ముందైతే అప్పుడు వారసుడికి లైసెన్స్ ఇవ్వొచ్చు. మీ జిల్లాలో ఇచ్చేది కలెక్టర్. పోలీసులు నీ గురించి ఊర్లో విచారిస్తారు, నీ మీద కేసులేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. ఇంట్లో మిగతా వారసులు ఒప్పుకున్నట్టు కూడా రాయించుకో, చెల్లెలుంటే చెల్లెలితో సహా. నీ పేరు మీద లైసెన్స్ వచ్చేదాకా బీరువా తాళం మీ నాయిన దగ్గరే ఉండాలి.

పందుల మాట మాత్రం అమ్మకు వేరుగా చెప్పు. లైసెన్స్‌లో పంట కాపలా అని రాసి ఉన్నా పందిని కాల్చే హక్కు రాదు. దానికి అటవీ శాఖ వైపు నుంచి అనుమతి కావాలి, ఆ అర్జీ వేరే.