సెలవుల్లో పనుల లిస్టు వదిలి కృతజ్ఞత రాసుకోవడం: పద్ధతి ఏంటి?

నీలిసిరా:

సెలవులు పది రోజులు, లిస్టులో పనులు 43. సర్దాల్సినవి, కొనాల్సినవి, ఫోన్ చేయాల్సినవాళ్లు, ఆఫీసు నుంచి మోసుకొచ్చినవి, అన్నీ కలిపి. ఒకటి కొట్టేస్తే రెండు చేరుతున్నాయి. ఈసారి లిస్టు మానేసి, రోజూ రాత్రి పది కృతజ్ఞతలు రాయడం మొదలైంది. మూడో రాత్రికే "కుటుంబం, ఆరోగ్యం, ఇల్లు" అని అవే మళ్లీ వస్తున్నాయి. పక్క మీద వాలగానే మిగిలిపోయిన పనులు తలలో తిరుగుతున్నాయి. లిస్టు పూర్తిగా పారేయాలా? కృతజ్ఞతలు ఎన్ని రాయాలి, ఎన్ని రోజులకోసారి? ఇంట్లో మిగతావాళ్లని ఇందులోకి ఎలా తేవాలి?

పాతగడియారం:

లిస్టు పారేయొద్దండీ. దాన్ని రోజూ ఒక వేళకి మూసేయడం నేర్చుకుంటే చాలు. పక్క మీద పనులు తిరగడానికి కారణం అవి పూర్తికాకపోవడం ఒక్కటే కాదు, ఎప్పుడు చేస్తామో తేలకపోవడం కూడా. 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో ఇదే కనబడింది: సగంలో ఉన్న పని ఆలోచన వేరే పని మధ్యలోకి చొరబడుతుంది, కానీ దాన్ని ఎప్పుడు, ఎలా చేస్తామో రాయిస్తే, పని ఇంకా మొదలే కాకపోయినా ఆ చొరబాటు ఆగింది.

నిద్ర సంగతికొస్తే 2018లో స్కల్లిన్ బృందం 57 మందిని నిద్ర ల్యాబులో పడుకోబెట్టి చూసింది. పడుకునే ముందు 5 నిమిషాలు కొందరు రాబోయే రోజుల పనులు రాశారు, కొందరు అయిపోయిన పనులు రాశారు. రాబోయేవి రాసినవాళ్లు సుమారు 9 నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. అందులోనూ ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. అంటే రాత్రిపూట లిస్టు ముట్టుకోకూడదన్న నియమమే మిమ్మల్ని మేలుకొలుపుతూ ఉండొచ్చు.

కాబట్టి రాత్రి మొదట లిస్టు, తర్వాత కృతజ్ఞత. లిస్టుకి 5 నిమిషాలే, కాగితం మీదే. ఫోన్లో అయితే మధ్యలో మెసేజీలు చూస్తారు, ఇంకో నాలుగు పనులు తగులుకుంటాయి. "ఇల్లు సర్దాలి" అని రాస్తే మూసినట్టు కాదు. "శనివారం పొద్దున పదింటికి, ముందుగది బల్ల మీది కాగితాలు, అరగంట" అని రాస్తే మూసినట్టు.

ఇక ఆ 43 సంగతి. సెలవుల మొదటి రోజున ఒకే ఒక్కసారి అరగంట కూర్చుని ఒక్కో పని పక్కన ఒక గుర్తు పెట్టండి: తేదీ దాటితే వేరొకరికి ఇబ్బంది అయ్యేది, సెలవులయ్యాక చేసినా నడిచేది, అసలు చేయకపోయినా ఎవరూ గమనించనిది. మూడో రకాన్ని అక్కడికక్కడే కొట్టేయండి, రెండో రకాన్ని తిరిగి పనిలోకి వెళ్లే వారంలో ఒక తేదీ కింద రాసేయండి. "తీసేయడానికి ఏముంది?" అని నోరు తెరిచి అడగాలి, లేకపోతే తట్టదు. ఏదైనా బాగుచేయమంటే మనిషి బుద్ధి చేర్చడం వైపే పోతుంది. తీసేయడమూ ఒక దారేనని గుర్తుచేస్తే ఎక్కువమంది తీసేస్తారని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఆడమ్స్, క్లోట్జ్ తదితరుల ప్రయోగాలు చూపించాయి.

మిగిలినవాటికి మీరు వేసే టైము కూడా నమ్మొద్దు. 1994లో బ్యూలర్ బృందం విద్యార్థులని థీసిస్‌కి ఎన్ని రోజులు పడుతుందని అడిగితే సగటున 34 అన్నారు, పట్టింది 55. గంట అనుకున్న పనికి గంటన్నర పైనే వేసుకోండి. రోజుకి మూడు పనులు దాటనివ్వొద్దు.

మొదటిపేజీ:

రెండో ప్రశ్నకి: పది చాలా ఎక్కువ. అన్ని రాయడంలో కష్టం ఒకటే కాదు, ఎదురు తిరిగే ప్రమాదమూ ఉంది. 1991లో ష్వార్జ్ బృందం కొందరిని తాము గట్టిగా నిలబడ్డ సందర్భాలు 6, ఇంకొందరిని 12 చెప్పమంది. పన్నెండు చెప్పినవాళ్లే తమకి ధైర్యం తక్కువని అంచనా వేసుకున్నారు. గుర్తు తెచ్చుకోవడం కష్టమయ్యేసరికి "నాలో అంత లేదు కాబోలు" అనిపిస్తుంది. కృతజ్ఞత అక్కడి విషయం కాదు గానీ, ఎనిమిదోది దొరక్క పెన్ను కొరుకుతూ కూర్చున్నప్పుడు జరిగేది ఇలాంటిదేనని నా అభిప్రాయం.

ఎన్ని రోజులకోసారి అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. 2003లో ఎమన్స్, మెకల్లో మొదటి అధ్యయనంలో వారానికోసారి, ఎక్కువలో ఎక్కువ ఐదు. 2005లో ల్యుబోమిర్‌స్కీ వాళ్లు ఆరు వారాల పాటు చూస్తే వారానికోసారి రాసినవాళ్లకి ఫలితం కనబడింది, మూడుసార్లు రాసినవాళ్లకి కనబడలేదు; అలవాటైపోయి రుచి పోవడమే కారణమని వాళ్ల వివరణ. అదే ఏడాది సెలిగ్మన్ బృందం మాత్రం వారం పాటు రోజూ రాత్రి మూడు మంచి విషయాలు, ఒక్కోటీ ఎందుకు జరిగిందో కారణంతో సహా రాయించింది. ఆరు నెలల తర్వాత కూడా తేడా నిలిచింది, ముఖ్యంగా తమంతట తాము కొనసాగించినవాళ్లలో.

పది రోజుల సెలవులకి నా లెక్క ఇది: రోజు విడిచి రోజు, ఒక్కటే విషయం, ఐదారు వాక్యాలు. మూడు దాటితే అది ఇంకో టూ-డూ లిస్టే. టిక్కు పెట్టే యాపుల్నీ, "వరసగా ఇన్ని రోజులు" అని లెక్కపెట్టేవాటినీ ఈ పనికి వాడకండి, ఒక్క రోజు తప్పితే తప్పు చేసినట్టు చూపిస్తాయి.

రాసే తీరు ఇలా మారాలి. "కుటుంబానికి కృతజ్ఞతలు" అని రాస్తే రేపు కూడా అదే వస్తుంది. "మధ్యాహ్నం నిద్రపట్టిన సంగతి చూసి అక్క పిల్లల్ని పక్కగదిలోకి తీసుకెళ్లింది, తలుపు గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని వేసింది" అని రాస్తే రేపు రాదు, ఎందుకంటే అది ఈరోజుదే. దాని కింద ఇంకో మూడు ముక్కలు: ఎవరు చేశారు, వాళ్లు ఏం వదులుకుని చేశారు, అదే జరక్కపోతే ఈ రోజు ఎలా ఉండేది.

ఆ చివరి ముక్కని వదలొద్దు. 2008లో మింక్యుంగ్ కూ బృందం చూసింది: ఒక మంచి సంగతి ఎలా జరిగిందో రాసినవాళ్ల కంటే, అది అసలు జరక్కుండా ఎలా పోయేదో రాసినవాళ్ల మనసు ఎక్కువ తేలికపడింది. రాయబోయే ముందు జనం దీన్ని ఊహించలేరు.

మరీ పెద్ద మార్పు ఆశించకండి. ఈ అధ్యయనాలన్నీ కలిపి చూస్తే దిగులు మీదా ఆందోళన మీదా ప్రభావం చిన్నదే. రెండు వారాలకి మించి దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, డైరీ చాలదు.

నీలిసిరా:

ఇద్దరికీ ధన్యవాదాలు. లిస్టు మూయడం అర్థమైంది. కానీ ఇంట్లో లిస్టంతా ఒక్కరి తలలోనే ఉంటే? మిగతావాళ్లు "ఏం చేయాలో చెప్పు, చేస్తాం" అంటారు. అప్పుడు చెప్పడం కూడా ఒక పనే అవుతోంది.

కిటికీపక్కన:

అవును, అది పనే. ఇంటి పనిలో కంటికి కనబడని భాగాన్ని 2019లో అలిసన్ డామింగర్ నాలుగుగా విడదీశారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, ఏదో ఒకటి తేల్చడం, ఆ తర్వాత జరిగిందో లేదో కనిపెట్టి ఉండడం. "చెప్పు, చేస్తాం" అనేవాళ్లు ఈ నాలుగూ మీకే వదిలి చేతిపని ఒక్కటి తీసుకుంటున్నారు.

అందుకని పనులు పంచకండి, విషయాలు పంచండి. "టికెట్లు బుక్ చెయ్యి" అనొద్దు. "ప్రయాణం మొత్తం నీది: తేదీలు కనుక్కోవడం, టికెట్లు, సామాను, స్టేషనుకి చేరేదాకా" అనండి. అప్పగించాక రెండు తప్పులు జరుగుతాయి. గుర్తుచేయడం మీరే చేస్తారు, దాంతో కనిపెట్టి ఉండే భాగం మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. లేదా వాళ్లు చేసిన తీరు నచ్చక మళ్లీ చేస్తారు, అప్పుడు వాళ్లు తర్వాతిసారి తీసుకోరు. ఏది ఎంతవరకు అయితే "అయినట్టు" అన్నది అప్పగించే రోజే మాట్లాడుకోవాలి.

ఈ పంపకం కాకముందే ఇంట్లో కృతజ్ఞత కార్యక్రమం పెడితే, భారం మోస్తున్న మనిషికి అది "సర్దుకుపో" అన్నట్టు వినిపిస్తుంది. ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ముందు పంపకం, తర్వాతే కృతజ్ఞత.

అందరూ చుట్టూ కూర్చుని వంతులవారీగా చెప్పడం కూడా బలవంతంగా పెట్టొద్దు. పిల్లలు పక్కవాళ్లు చెప్పిందే చెబుతారు. ఆ ఏడాది ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నవాళ్లకి ఆ వంతు చాలా బరువు. ఎదురుగా ఉన్న ఒక్కరికి, ఒక్క విషయం, విడిగా చెప్పండి. చెప్పేటప్పుడు "నాకు హాయిగా ఉంది" దగ్గర ఆపకుండా వాళ్ల గుణం చెప్పండి: "అడక్కుండానే చూసుకున్నావు, నీకు ఆ గమనింపు ఉంది." 2016లో సారా ఆల్గో బృందం జంటలని గమనించినప్పుడు, తమకి కలిగిన మేలు చెప్పడం కంటే ఎదుటివాళ్లని మెచ్చుకుంటూ చెప్పిన ధన్యవాదమే విన్నవాళ్లకి దగ్గరగా అనిపించింది.

దూరంగా ఉన్నవాళ్లకి ఉత్తరం రాయండి, మెసేజైనా సరే. కుమార్, ఎప్లీ 2018లో చూసినదాని ప్రకారం రాసేవాళ్లు "ఇబ్బందిగా ఉంటుందేమో" అని ఎక్కువగా అనుకుంటారు, అందుకున్నవాళ్ల ఆశ్చర్యాన్నీ సంతోషాన్నీ తక్కువగా అంచనా వేస్తారు. మాటలు కుదిరాయా లేదా అని రాసేవాళ్లే మథనపడతారు, చదివేవాళ్లు ఆప్యాయతనే చూస్తారు. ఇలాంటి ఉత్తరం స్వయంగా వెళ్లి చదివి వినిపిస్తే కలిగే ఊపు సెలిగ్మన్ అధ్యయనంలో పెద్దదే, కానీ నెల దాటాక నిలవలేదు. అందుకని నలుగురికీ ఒకే రోజు పంపేయకండి. ఈ సెలవుల్లో ఒకరికి రాయండి, మిగతా ముగ్గురి పేర్లూ రాబోయే నెలల తేదీల కింద వేసుకోండి. పాతగడియారం గారు చెప్పినట్టు ఆ తేదీలూ కాగితం మీదే ఉండాలి.