పవర్ స్టీరింగ్ పంపు ఎన్నిసార్లు బిగించినా లూజవుతోంది: వెల్డింగ్ టాకా వేసేయాలా, వద్దా?

వెండిబంపర్:
అందరికీ నమస్తే. నా దగ్గర 1970 నాటి వీ-8 సెడాన్ ఉంది. పంపు పాత సాగినా (Saginaw) కంపెనీ రకం, రేకు డబ్బాలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నా చేతికి రాకముందే ఎవరో ఇంజన్ మొత్తం విప్పి మళ్లీ కట్టారు. బ్రాకెట్లన్నిటికీ మందంగా నల్ల పౌడర్ కోటింగ్ వేయించారు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కానీ పంపు మాత్రం కుదురుగా ఉండదు. బిగించాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగేసరికి బెల్టు మళ్లీ కీచుమంటుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు మరీ ఎక్కువ. చేత్తో పట్టుకుని ఊపితే పంపు కదులుతుంది. కింద పివట్ బోల్టు (పంపు జరిగేటప్పుడు ఇరుసులా ఉండేది) పట్టే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. స్ప్రింగ్ వాషర్ మార్చి చూశాను. ఒకటి చాలక రెండు కూడా వేశాను, నవ్వకండి. మెకానిక్ ఏమో "పంపును సరైన చోట నిలబెట్టి, బ్రాకెట్‌లోని సర్దుబాటు గాడికి నాలుగు టాకాలు వేద్దాం, పీడా వదిలిపోతుంది" అంటున్నాడు. స్నేహితుడేమో నీలం లాక్‌టైట్ (బోల్టు మరలకు వేసే జిగురు) చాలంటున్నాడు. ఏం చేయమంటారు?

వెల్డర్‌బాబాయ్:
మీ మెకానిక్ చెప్పినదాంట్లో తప్పేం లేదు. యాభై ఏళ్ల బండికి కొత్త బ్రాకెట్ కావాలంటే దొరకాలిగా? దొరికినా పాతదే, అదీ అరిగే ఉంటుంది. రేకు బ్రాకెట్ అయితే టాకా శుభ్రంగా పట్టుకుంటుంది. నేను ఇలాంటివి చాలా చేశాను, ఏ ఒక్కటీ తిరిగి రాలేదు.

గ్రీజుచేతులు:
బాబాయ్, తిరిగి రాలేదంటే బాగున్నట్టేనా? ఇంకెవరి దగ్గరికో వెళ్లి గ్రైండర్‌తో కోయించుకుని ఉండొచ్చు కదా!

ఆ గాడి పెట్టిందే పంపును ముందుకీ వెనక్కీ జరిపి బెల్టు టెన్షన్ సరిచేసుకోవడానికి. కొత్త వీ-బెల్టు వేశాక మొదటి పావుగంట, ఇరవై నిమిషాల్లోనే కాస్త సాగుతుంది. మళ్లీ బిగించాల్సిందే. టాకా వేసేశాక దేన్ని జరుపుతారు? బెల్టు మార్చాలన్నా పంపు లోపలికి జరగాలి. పైగా కొన్ని ఇంజన్లలో ఇదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంది. అక్కడ బెల్టు జారిందంటే స్టీరింగ్ బరువెక్కడంతో ఆగదు, ఇంజన్ కూడా వేడెక్కుతుంది.

నీలంచుక్క:
ఇంత చర్చ ఎందుకండీ? బోల్టు తీసి, నూనె లేకుండా తుడిచి, రెండు చుక్కలు నీలం లాక్‌టైట్ వేసి బిగించండి. ఎరుపు మాత్రం వద్దు, అది వేస్తే తర్వాత వేడి పెడితే గానీ ఊడదు. నా బండికి ఆల్టర్నేటర్ బోల్టుకు ఇలాగే చేశాను, కదిలితే ఒట్టు.

లేత్‌మనిషి:
టాకా వేయాలా, చుక్క వేయాలా అని వాదించుకుంటున్నారు గానీ, బోల్టు ఎందుకు లూజవుతోందో ఒక్కరూ అడగలేదు.

బెల్టు పంపును పక్కకు లాగుతుంది. బోల్టు బిగిసి ఉన్న దిశకు ఆ లాగుడు అడ్డంగా వస్తుంది. అదీ ఒకే బలంతో రాదు, ఇంజన్‌లో ప్రతి పేలుడుకీ కాస్త ఎక్కువా తక్కువా అవుతుంటుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకుంటే పంపులో ఒత్తిడి 1,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు) దాటుతుంది, బెల్టు లాగుడు అప్పుడే ఎక్కువ. బోల్టు పని ఈ లాగుడును తన ఒంటితో ఆపడం కాదు. బ్రాకెట్‌నూ పంపునూ ఒకదానికొకటి గట్టిగా అదిమి పట్టాలి. ఆ రెండు ముఖాల మధ్య రాపిడే పంపును ఆపుతుంది. అదుము తగ్గి ముఖాలు వెంట్రుకవాసి జారడం మొదలైతే చాలు, బోల్టు తనంతట తానే విప్పుకుంటుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీర్ దీన్ని పరీక్షలు చేసి చూపించాడు. అడ్డంగా అదిరే జాయింట్‌లో స్ప్రింగ్ వాషర్ బోల్టు ఊడకుండా ఆపలేదని తేలింది అలాంటి పరీక్షల్లోనే. కాబట్టి వెండిబంపర్ గారూ, మీరు రెండు కాదు, పది వేసినా ఇంతే.

అదుము ఎందుకు తగ్గుతోంది అంటే, నా మొదటి అనుమానం ఆ పౌడర్ కోటింగ్ మీదే. మందపాటి పెయింటు మీద బోల్టు బిగిస్తే ఆ పొర కింద నలిగి, వేడికి మెత్తబడి మెల్లగా పలచబడుతుంది. బోల్టు సాగింది లేదు, ఊడింది లేదు, అయినా బిగువు పోతుంది. బ్రాకెట్ పంపును తాకే చోట, బోల్టు తల కూర్చునే చోట ఇనుము కనపడేదాకా గీకండి. మిగతా చోట్ల మీ నలుపు మీకే ఉంచుకోండి.

రెండోది బోల్టు పొడుగు. ఇంజన్ కట్టినప్పుడు ఏది చేతికి దొరికితే అది వేస్తుంటారు. అవతలికి తెరుచుకోని రంధ్రంలో పొడుగు బోల్టు వేస్తే కొస అడుగుకు తగిలి ఆగిపోతుంది. టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) టక్కుమంటుంది, మీకు బిగిసిందనిపిస్తుంది, బ్రాకెట్‌ మీద మాత్రం బిగువే పడదు. సన్నని కడ్డీతో లోతు కొలిచి బోల్టుతో పోల్చి చూడండి. మరీ పొట్టిది వేసినా ఇబ్బందే. 3/8 అంగుళం బోల్టుకు కాస్ట్ ఐరన్‌లో కనీసం 14 మిల్లీమీటర్లయినా త్రెడ్ పట్టాలి.

మూడోది వెనక ఆధారం. ఆ పంపు వెనక రెండు స్టడ్లు (తల లేని బోల్టులు) ఉంటాయి, వాటికి ఇంకో బ్రాకెట్ పట్టాలి. మీ బండికి ఉందా?

వెండిబంపర్:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. వెనక స్టడ్లు రెండూ ఖాళీ. ఏ బ్రాకెట్టూ లేదు!

లేత్‌మనిషి:
అంటే బరువంతా ముందు బ్రాకెట్ ఒక్కటే మోస్తోంది. గోడకు ఒకే మేకు మీద వేలాడే బల్ల లాంటిది. అది ఊగక ఏం చేస్తుంది?

గ్రీజుచేతులు:
ఇంకో మాట. ఇలా కలిపి కట్టిన ఇంజన్లలో బ్రాకెట్ అసలు ఆ ఇంజన్‌దేనా అన్నది కూడా చూడాలి. షెవ్రోలే చిన్న వీ-8నే తీసుకోండి. 1968 దాకా సిలిండర్ హెడ్ల చివర యాక్సెసరీలు బిగించే రంధ్రాలే ఉండేవి కావు, 1969లో వచ్చాయి. అప్పుడే చాలా మోడళ్లు పొట్టి వాటర్ పంపు వదిలి పొడుగు పంపుకు మారాయి. ఆ కాలపు బ్రాకెట్ ఈ కాలపు ఇంజన్‌కు పెడితే, మధ్యలో స్పేసర్ అని చెప్పి నాలుగు వాషర్లు దొంతరగా పేరుస్తారు. దొంతర ఎంత ఎత్తయితే బిగువు అంత త్వరగా పోతుంది. పుల్లీలు కూడా ఒక వరుసలో ఉండవు. క్రాంక్ పుల్లీ మీద తిన్నని రూలర్ ఆనించి, పంపు పుల్లీ దాకా గాడులు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. వంకర ఉంటే బెల్టు ఒక పక్కే అరుగుతుంది.

కొత్తచెయ్యి:
నాదో చిన్న సందేహం. పంపు కదులుతోందా, పంపులోని షాఫ్ట్ కదులుతోందా అన్నది ఎలా తెలుస్తుంది? నాది పుల్లీ ఊగుతుంటే నేను బ్రాకెట్ మార్చాను, డబ్బులు దండగ అయ్యాయి.

గ్రీజుచేతులు:
ఇది మొదటే అడగాల్సిన ప్రశ్న తమ్ముడూ. ఇంజన్ ఆపి, బెల్టు తీసేసి, పుల్లీని అటూ ఇటూ ఊపు. పంపు ఒళ్లు కదలకుండా పుల్లీ ఒక్కటే ఊగితే లోపల షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్ పోయింది. ముందు సీల్ దగ్గర నూనె చెమ్మ కూడా కనిపిస్తుంది. ఇలా పోవడానికి ఓ కారణం మనమే: లూజవుతోందని బెల్టును వీణతీగలా బిగిస్తాం, ఆ లాగుడంతా బుష్ మీద పడుతుంది. పొడుగు వీ-బెల్టును మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. అంతకంటే బిగువు అక్కర్లేదు.

వెండిబంపర్:
బెల్టు బిగించేటప్పుడు నేను గడ్డపార మొన డబ్బా మీద ఆనించి లాగుతున్నాను. తప్పా?

గ్రీజుచేతులు:
అయ్యో! ఆ డబ్బా పలచని రేకు, నూనె నిలవ ఉంచడానికే గానీ బలం తీసుకోవడానికి కాదు. సొట్ట పడితే పంపుకీ డబ్బాకీ మధ్య ఓ-రింగు (రబ్బరు వలయం) దగ్గర కారడం మొదలవుతుంది. ఆ నూనె వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటలే. కొన్ని బ్రాకెట్లలో అరంగుళం చతురస్రపు రంధ్రం ఉంటుంది, దాంట్లో బ్రేకర్ బార్ పెట్టి లాగాలి. అది లేకపోతే పంపు కాస్టింగ్ (పోత పోసిన గట్టి భాగం) మీదో బ్రాకెట్ మీదో ఆనించండి.

వెనక స్టడ్ల జోలికి వెళ్లినప్పుడూ జాగ్రత్త. అవి డబ్బాలోంచి దూరి పంపు ఒంట్లోకి దిగుతాయి, వాటికీ ఓ-రింగులు ఉంటాయి. నట్టుతో పాటు స్టడ్ కూడా తిరిగిందంటే కారుడు మొదలైనట్టే.

వెల్డర్‌బాబాయ్:
అందరూ బాగానే చెబుతున్నారు. వెనక బ్రాకెట్ వేయమన్నారు, కోటింగ్ గీకమన్నారు, బోల్టు కొలవమన్నారు. ఆ కోడిగుడ్డు రంధ్రాన్ని గుండ్రంగా చేసే దారి మాత్రం ఎవరూ చెప్పలేదు. లాక్‌టైట్ వేస్తే రంధ్రం గుండ్రమవుతుందా? నా టాకా తప్పంటారు, కానీ ఇనుము అరిగిపోయిన చోట ఇనుమే పెట్టాలి కదా.

నీలంచుక్క:
సరే, రంధ్రం విషయంలో ఒప్పుకుంటాను. నేను బోల్టు గురించే చెప్పాను.

లేత్‌మనిషి:
బాబాయ్ అన్నది నిజం. అరిగిన రంధ్రాన్ని టాకా వేసి నింపి, మళ్లీ డ్రిల్ చేయడం మంచి పనే. నేనైతే రంధ్రం పెద్దది చేసి, స్టీల్ బుష్ చేయించి నొక్కి పెడతాను. మీ పద్ధతి కూడా పనికొస్తుంది, అయితే మూడు షరతులు. బ్రాకెట్ ఇంజన్ నుంచి విప్పి బల్ల మీద పెట్టి వేయాలి. కాస్ట్ ఐరన్ అయితే మామూలు రాడ్‌తో ముట్టుకోవద్దు, చల్లారేటప్పుడు టప్‌మని పగులుతుంది. పంపు పక్కన పెట్టుకుని అసలు వెల్డింగ్ వద్దు, అందులో నూనె ఉంటుంది. నేను కాదన్నది సర్దుబాటు గాడికి టాకా వేయడాన్నే.

వెల్డర్‌బాబాయ్:
గాడికి వేయమని నేనెప్పుడన్నాను?

గ్రీజుచేతులు:
"మెకానిక్ చెప్పినదాంట్లో తప్పేం లేదు" అన్నారు. ఆ మెకానిక్ అన్నది అదే.

వెల్డర్‌బాబాయ్:
సరేలే, పట్టుకున్నావు.

పాతదే_బంగారం:
ఆలస్యంగా వచ్చాను. బుష్ వేసినా, టాకా నింపినా అది ఇక అసలు బ్రాకెట్ కాదు. ప్రదర్శనలో పెట్టాలనుకుంటే ఓపిక పట్టి, అదే ఏడాది భాగం వెతుక్కోండి.

లేత్‌మనిషి:
ఆయన బండిని నడుపుకుంటున్నారండీ, గాజు పెట్టెలో పెట్టడం లేదు. పైగా పంపు పక్కన ఆ బుష్ కనపడాలంటే పడుకుని అద్దం పెట్టి చూడాలి.

వెండిబంపర్:
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను.

ముందు బెల్టు తీసి పుల్లీ ఊపి చూశాను. షాఫ్ట్ గట్టిగానే ఉంది, అక్కడ ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత బోల్టులు ఒక్కొక్కటిగా కొలిచాను. హెడ్‌లోకి వెళ్లే బోల్టు రంధ్రం లోతు కంటే దాదాపు రెండు మిల్లీమీటర్లు పొడుగు. కొస మీద కొత్తగా మెరిసే మచ్చ కూడా ఉంది, అడుగుకు తగిలిన గుర్తు. అంటే ఇన్నాళ్లూ నేను రంధ్రం అడుగును బిగిస్తున్నానన్నమాట! కోటింగ్ గీకితే గోటికి ముక్కలుగా లేచి వచ్చింది. వెనక బ్రాకెట్ పాత సామాన్లలో దొరికింది, తుప్పు పట్టి ఉన్నా వంకర లేదు. దాన్ని పెట్టడానికే సగం రోజు పట్టింది, ఎందుకంటే ఒక స్టడ్ తిరిగి కారడం మొదలుపెట్టింది. ఓ-రింగు మార్చాల్సి వచ్చింది. గ్రీజుచేతులు గారు చెప్పింది చదివి కూడా అదే చేశాను.

రంధ్రానికి స్టీల్ బుష్ చేయించాను. సరైన పొడుగు బోల్టులు, కింద గట్టి చదును వాషర్లు, నీలం లాక్‌టైట్ రెండు చుక్కలు, టార్క్ 40 న్యూటన్ మీటర్లు. స్ప్రింగ్ వాషర్లు పడేశాను. ఇప్పటికి ఆరు వందల కిలోమీటర్లు తిరిగాను, పంపు కదల్లేదు. చివరిదాకా తిప్పితే ఇంకా చిన్నగా కీచుమంటోంది. బెల్టు పక్కలు అద్దంలా నున్నగా అయిపోయాయి, కొత్తది తెప్పించాను.

వెల్డర్‌బాబాయ్:
సంతోషం. ఆ బుష్ జారిపోకుండా అంచున ఓ టాకా వేయించారా లేదా?

వెండిబంపర్:
వేయించాను బాబాయ్. ఒక్కటే.